మూడేళ్ల యుద్ధం, పదకొండేళ్ల సీరియల్: ‘మాష్’లో తప్పులు ఎలా పుట్టాయి?

క్లుప్తంగా: కొరియా యుద్ధం 1950 జూన్ 25న మొదలై 1953 జూలై 27న ఆగింది. ఆ యుద్ధం నేపథ్యంగా వచ్చిన అమెరికన్ కామెడీ సీరియల్ ‘మాష్’ సీబీఎస్ చానల్లో 1972 సెప్టెంబర్ 17 నుంచి 1983 ఫిబ్రవరి 28 దాకా నడిచింది. తేదీలు కలవకపోవడం, పాత్రల కుటుంబాలు మారిపోవడం, ఆ కాలంలో లేని వస్తువులు తెర మీద కనిపించడం లాంటి తప్పుల్లో చాలావాటికి ఈ తేడాయే మూలం. వాటిలో అజాగ్రత్త వల్ల జరిగినవి కొన్నే. మిగతావి అప్పటి టీవీ పని చేసిన పద్ధతి వల్ల వచ్చినవి. అభిమానులు ఎక్కువగా లెక్కపెట్టే తప్పుల కంటే, కొరియాను చూపించిన తీరులో జరిగిన తప్పులు పెద్దవి.

## కల్నల్ పాటర్ వచ్చింది ఎప్పుడు?

‘మాష్’ కథంతా ఉయిజాంగ్బు దగ్గర, యుద్ధ రేఖకు కొన్ని మైళ్ల దూరంలో ఉన్న 4077వ సంచార సైనిక శస్త్రచికిత్స ఆసుపత్రిలో జరుగుతుంది. మొదటి మూడు సీజన్లలో దానికి అధికారి హెన్రీ బ్లేక్. 1975 మార్చిలో ఆ పాత్ర చనిపోయింది. అదే ఏడాది మొదలైన నాలుగో సీజన్లో అతని స్థానంలోకి కల్నల్ షెర్మన్ పాటర్ వచ్చాడు. అతను 1952 సెప్టెంబర్ 19న బాధ్యతలు తీసుకున్నాడని సీరియలే తేదీతో సహా చెప్పింది.

1980 డిసెంబర్ 29న ప్రసారమైన ఒక ఎపిసోడ్ ఈ తేదీని పూర్తిగా పక్కన పెట్టేసింది. ఆ కథ 1950 డిసెంబర్ 31 రాత్రి మొదలై సరిగ్గా ఏడాది తర్వాత ముగుస్తుంది. ఆ ఏడాది పొడవునా అధికారి పాటరే. నాలుగో సీజన్లో చేరిన డాక్టర్ బీజే, ఆ తర్వాత చేరిన డాక్టర్ వించెస్టర్ కూడా మొదటి నుంచీ అక్కడే ఉన్నట్టు కనిపిస్తారు. ముందు చెప్పిన తేదీని నమ్మితే ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా అప్పటికి కొరియాలో అడుగుపెట్టి ఉండరు.

‘మాష్’ తప్పుల ప్రస్తావన వస్తే అందరూ ముందు చెప్పేది ఇదే. రచయితలు మర్చిపోయారని సరిపెట్టుకుంటే మాత్రం అసలు కారణం చేజారిపోతుంది. ఆ ఎపిసోడ్‌కు 1951 తప్ప వేరే ఏడాది కుదరదు. అందులో ఒక ఉపకథ ఆ ఏడాది అమెరికన్ బేస్‌బాల్ సీజన్ మీద నడుస్తుంది. 1951 ఆగస్టులో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు పదమూడు ఆటలకు పైగా ఆధిక్యంలో ఉంది. చివరికి అక్టోబర్ 3న బాబీ థామ్సన్ కొట్టిన ఒక్క దెబ్బతో న్యూయార్క్ జెయింట్స్ చేతిలో ఓడిపోయింది. డాడ్జర్స్ మీద పందెం కాసినవాళ్లు ఏడాదంతా ధీమాగా ఉండి ఆఖర్లో మునిగిపోవడమే ఆ ఉపకథలోని హాస్యం. అమెరికన్ ప్రేక్షకులకు ఆ ఆట తేదీ కంఠతా వచ్చు. దాన్ని మార్చలేరు. పాటర్ వచ్చిన తేదీ అయిదేళ్ల కిందటి ఎపిసోడ్లో వినిపించిన ఒక మాట. రెండిట్లో ఒకటే నిలవాలంటే ఏది నిలుస్తుందో ఊహించడం కష్టం కాదు.

అదే ఎపిసోడ్లో ఇంతకంటే పెద్ద తప్పు ఒకటుంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 1950 డిసెంబర్ 31 రాత్రి పాత్రలన్నీ శిబిరంలో కొత్త సంవత్సరం పండగ చేసుకుంటాయి. చరిత్రలో సరిగ్గా ఆ రాత్రే చైనా సైన్యం తన మూడో పెద్ద దాడి మొదలుపెట్టింది. ఉత్తరం నుంచి సియోల్‌కు వెళ్లే దారిలో ఉన్న పట్టణం ఉయిజాంగ్బు. జనవరి 4కల్లా సియోల్ చేజారింది. మార్చిలో గానీ మళ్లీ చేతికి రాలేదు. అంటే నిజంగా అలాంటి ఆసుపత్రి అక్కడ ఉండి ఉంటే, పండగ చేసుకోవాల్సిన వాళ్లు ఆ రాత్రి డేరాలు విప్పి, రోగులను లారీల్లోకి ఎక్కిస్తూ ఉండేవారు. 1951 మొదటి సగంలో యుద్ధ రేఖ దేశం పొడవునా పైకీ కిందికీ కదిలింది. 38వ అక్షాంశం దగ్గర అది దాదాపు ఒకచోట నిలిచింది ఆ ఏడాది నడిమి నుంచే. సీరియల్లో కనిపించేది ఆ నిలిచిపోయిన యుద్ధమే: ఒకే లోయ, ఒకే డేరాలు, రోజూ వచ్చే క్షతగాత్రులు. మధ్యలో ఒకటీ అరా ఎపిసోడ్లలో శిబిరం ఎత్తేసి వెళ్లినా, మళ్లీ అక్కడికే తిరిగి వచ్చేస్తుంది. యుద్ధం మూడేళ్లనూ చివరి రెండేళ్ల రూపంలోనే చూపించారన్నమాట.

## మూడు క్రిస్మస్‌ల యుద్ధంలో నాలుగు

తేదీల చిక్కును ఇంకో దారిలో కూడా పట్టుకోవచ్చు. యుద్ధ కాలంలో వచ్చినవి మూడు క్రిస్మస్‌లు: 1950, 1951, 1952. సీరియల్లో క్రిస్మస్ చుట్టూ తిరిగే కథలు 1972, 1978, 1980, 1981 డిసెంబర్లలో ప్రసారమయ్యాయి. మొత్తం నాలుగు. మొదటిది బ్లేక్ కాలంలోది. మిగిలిన మూడిట్లోనూ పాటర్, బీజే, వించెస్టర్ ఉన్నారు. పాటర్ 1952 సెప్టెంబర్లో వచ్చాడంటే అతనికి కొరియాలో దొరికేది ఒకే ఒక్క క్రిస్మస్. ఆ ఒక్కదాన్ని సీరియల్ మూడు రకాలుగా చూపించింది.

ఇక్కడ రెండు గడియారాలు పక్కపక్కన నడుస్తున్నాయి. ఒకటి కథలోది, రెండోది ప్రేక్షకుడి ఇంట్లోది. అమెరికాలో సీజన్ సెప్టెంబర్లో మొదలవుతుంది. డిసెంబర్ వచ్చేసరికి దాదాపు ప్రతి చానల్ పండగ ఎపిసోడ్ వేస్తుంది. ప్రకటనలు ఇచ్చేవాళ్లు కోరేదీ అదే, ఇంట్లో కూర్చుని చూసేవాళ్లు ఎదురుచూసేదీ అదే. కథలోని గడియారం పదకొండేళ్లలో మూడేళ్లే కదలాలి. ఇంట్లోది మామూలుగానే తిరుగుతుంది. రెండిటికీ తేడా వచ్చిన ప్రతిసారీ గెలిచింది ఇంట్లోదే.

నటుల వయసు కూడా ఈ గడియారానికే లోబడింది. కథానాయకుడైన డాక్టర్ హాక్‌ఐ పాత్ర వేసిన అలన్ ఆల్డా 1936లో పుట్టారు. సీరియల్ మొదలయ్యేటప్పటికి 36 ఏళ్లు, ముగిసేటప్పటికి 47. శిబిరం గుమాస్తా రాడార్ పాత్రకు కథలో ఇరవై ఏళ్లు కూడా సరిగ్గా నిండలేదన్నట్టు ఉంటుంది. ఆ పాత్ర వేసిన గ్యారీ బర్గాఫ్ 1979లో సీరియల్ వదిలేసేనాటికి 36 ఏళ్లవారు. అసలు సిసలు ఆసుపత్రుల్లో ఇలా ఒకే మనిషి యుద్ధమంతా కనిపించే అవకాశమే తక్కువ. 1951 నుంచి అమెరికన్ సైన్యంలో పాయింట్ల లెక్క ఉండేది. యుద్ధ రేఖకు ఎంత దగ్గరగా పనిచేస్తే నెలకు అన్ని ఎక్కువ పాయింట్లు. 36 పాయింట్లు వస్తే ఇంటికి ప్రయాణం. అందుకే డాక్టర్లు మారుతూ ఉండేవారు. మొదటి ఎపిసోడ్ నుంచి చివరి ఎపిసోడ్ దాకా హాక్‌ఐ అక్కడే ఉండిపోవడమే చరిత్ర ప్రకారం చూస్తే అన్నిటికంటే పెద్ద పొరపాటు. కానీ అది లేకపోతే సీరియలే లేదు.

## హాక్‌ఐ తల్లి, చెల్లెలు ఏమయ్యారు?

తేదీల తర్వాత ఎక్కువగా చర్చకు వచ్చేవి కుటుంబాల వివరాలు. తొలి ఎపిసోడ్లలో హాక్‌ఐ తండ్రికి ఉత్తరాలు రాస్తూ తల్లినీ తోబుట్టువునూ తలుచుకుంటాడు. ఊరు వెర్మాంట్ రాష్ట్రంలో ఉందంటాడు. తర్వాతి సీజన్లలో అతను ఒక్కగానొక్క కొడుకు. తల్లి అతని పదో ఏటే చనిపోయింది. ఊరు మెయిన్ రాష్ట్రంలోని క్రాబ్‌ఆపిల్ కోవ్.

హెన్రీ బ్లేక్ భార్య పేరు మొదట్లో మిల్‌డ్రెడ్, తర్వాత లొరైన్. ఆ మిల్‌డ్రెడ్ అనే పేరు చివరికి పాటర్ భార్యకు దక్కింది. ఫాదర్ మల్కాహీ పేరులోని జాన్, పాట్రిక్, ఫ్రాన్సిస్ అనే మూడు మాటలు ఒక్కోచోట ఒక్కో వరసలో వినిపిస్తాయి. మొదటి ఎపిసోడ్లో ఆ పాత్ర వేసింది జార్జ్ మోర్గాన్, ఆ తర్వాత చివరిదాకా విలియం క్రిస్టఫర్. రాడార్ మొదట్లో చుట్టలు కాల్చి, అధికారి సీసాలోంచి మందు తాగే గడుసువాడు. తర్వాత ద్రాక్ష సోడా తాగే అమాయకపు పల్లెటూరి కుర్రాడు.

ఇవన్నీ ఒకే రకం తప్పులు కావు. పేర్లు తారుమారు కావడం కేవలం పొరపాటు. సీజన్‌కు దాదాపు ఇరవై నాలుగు ఎపిసోడ్లు కావాలి. బయటి రచయితల నుంచి కూడా కథలు తీసుకునేవారు. పాత స్క్రిప్టులన్నిటినీ తిరగేసి పేర్లు సరిచూసే తీరిక గానీ, ఒక్క క్షణంలో వెతికి పెట్టే కంప్యూటర్ గానీ ఎవరికీ లేదు. సీరియల్‌ను రూపుదిద్దిన ల్యారీ గెల్‌బార్ట్ నాలుగో సీజన్ తర్వాత, నిర్మాత జీన్ రెనాల్డ్స్ అయిదో సీజన్ తర్వాత తప్పుకున్నారు. వాళ్లతో పాటు వాళ్లకు గుర్తున్న వివరాలు కూడా వెళ్లిపోయాయి.

హాక్‌ఐ తల్లి విషయం అలా కాదు. మొదటి సీజన్లో హాక్‌ఐ కేవలం నవ్వించే పాత్ర. ఇంటికి రాసే ఉత్తరంలో ‘అమ్మను అడిగానని చెప్పు’ లాంటి వాక్యం ఉంటే చాలు. కొన్నేళ్లకు సీరియల్ స్వరం మారింది. నవ్వు కింద ఉన్న భయం, ఒంటరితనం కథల్లోకి వచ్చాయి. తండ్రి తప్ప ఇంకెవరూ లేని మనిషికి ఆ తండ్రి ఆపరేషన్ వార్త దూరం నుంచి అందితే ఎంత టెన్షన్ ఉంటుందో చూపించాలంటే, తల్లి, చెల్లెలు అడ్డు. అందుకే వాళ్లు లేకుండా పోయారు. పాత్ర ఎదగడానికి పాత వాక్యాలను బలి ఇచ్చారు. రాడార్ మారిపోవడానికి కారణం కూడా ఇదే. చుట్టుపక్కల అందరూ గడుసువాళ్లే అయినప్పుడు కథకు ఒక అమాయకుడు అవసరమయ్యాడు. ఇలాంటి మార్పులను తప్పుల పట్టికలో వేయడం కంటే, రచయితలు తెలిసి చేసిన ఎంపికలుగా చూడటం న్యాయం.

మాయమైపోయిన పాత్రలు మరో రకం. మొదటి సీజన్లో ఉన్న డాక్టర్ స్పియర్‌చకర్ జోన్స్, మత్తుమందు ఇచ్చే డాక్టర్ అగ్లీ జాన్ తర్వాత కనిపించరు. ఎక్కడికి వెళ్లారో ఒక్క మాట కూడా ఉండదు. అగ్లీ జాన్‌గా వేసిన జాన్ ఆర్చర్డ్ ఎనిమిదో సీజన్లో పూర్తిగా వేరే పాత్రలో తిరిగి వచ్చారు. పాటర్‌గా అందరికీ గుర్తుండిపోయిన హ్యారీ మోర్గాన్ అంతకుముందు 1974లో మతి చెడిన ఒక జనరల్‌గా అదే శిబిరానికి వచ్చి వెళ్లారు. ఏడాది తిరిగేసరికి అధికారిగా దిగితే శిబిరంలో ఒక్కరు కూడా ‘మిమ్మల్ని ఎక్కడో చూశాం’ అనరు. నర్సుల సంగతి ఇంకా ఘోరం. ఏబుల్, బేకర్ అనే పేర్లు ఒక్కోసారి ఒక్కో నటికి తగిలించారు. ఏళ్ల తరబడి వెనక వరసలో నిలబడిన కెల్లీ నకహారా పాత్రకు స్థిరమైన పేరు దక్కడానికే కొన్ని సీజన్లు పట్టింది. ఎవరి వివరాలను గుర్తుపెట్టుకున్నారు, ఎవరివి పెట్టుకోలేదు అనేది గమనిస్తే, ఏ పాత్రలను ముఖ్యమనుకున్నారో అర్థమవుతుంది.

## ఒకసారి చూసి మర్చిపోయే టీవీ

1972లో ప్రేక్షకుడు ఎపిసోడ్‌ను వారానికి ఒకసారి చూసేవాడు. వేసవిలో పునఃప్రసారం దొరికితే రెండోసారి. ఇంట్లో రికార్డు చేసుకునే బీటామాక్స్ 1975లో వచ్చింది. వీహెచ్ఎస్ అమెరికాకు 1977లో చేరింది. అప్పటికీ అవి కొద్దిమంది ఇళ్లలోనే ఉండేవి. కాబట్టి మూడేళ్ల కిందట ఒక పాత్ర అన్న మాటను సాక్ష్యంగా చూపించే మార్గమే లేదు.

పైగా ఎపిసోడ్లు తీసిన వరసలోనే ప్రసారం కావాలన్న నియమం లేదు. చానల్ తన అవసరాన్ని బట్టి ముందువెనకలు చేసేది. అలాంటప్పుడు ప్రతి కథా దేనికదే పూర్తయిపోవాలి. నిన్నటి కథలో జరిగింది నేటి కథలో గుర్తుండకపోవడం ఆ పద్ధతికి అనుకూలమే. చివర్లో కూడా ఇదే జరిగింది. ముగింపు ఎపిసోడ్‌ను ముందుగానే తీశారు. నటీనటులు చివరిసారిగా కెమెరా ముందు నిలబడింది మాత్రం 1983 జనవరిలో, దానికంటే ఒక వారం ముందు ప్రసారమైన ఎపిసోడ్ కోసం.

ఆ రోజుల్లోనే వచ్చిన ఇతర యుద్ధ కామెడీలతో పోల్చి చూస్తే ఈ చిక్కు ఇంకా స్పష్టమవుతుంది. జర్మన్ యుద్ధఖైదీల శిబిరం మీద వచ్చిన ‘హోగన్స్ హీరోస్’ 1965 నుంచి 1971 దాకా 168 ఎపిసోడ్లు నడిచింది. ఆ శిబిరంలో ఎప్పుడూ చలికాలమే, కప్పుల మీద ఎప్పుడూ మంచే. ఏ ఎపిసోడ్‌ను ఎప్పుడు వేసినా తేడా తెలియదు. కాలాన్ని ఆపేస్తే కాలం తప్పులు చాలావరకు తగ్గుతాయి. కానీ అక్కడ వేరే రకం తప్పుంది. ఆ శిబిరం పేరులో ఉన్న స్టాలాగ్ అనే జర్మన్ మాటకు అర్థం మామూలు సైనికుల శిబిరం. వైమానిక దళంలో కల్నల్ హోదా ఉన్న హోగన్ లాంటివాడిని ఉంచే చోటు అది కాదు.

బ్రిటన్‌లో బీబీసీ 1968 నుంచి 1977 దాకా వేసిన ‘డాడ్స్ ఆర్మీ’ది ఇంకో దారి. అది రెండో ప్రపంచ యుద్ధంలో ఊళ్లను కాపాడటానికి పౌరులతో కట్టిన హోమ్ గార్డ్ దళం కథ. ఆ దళం 1940 మే నుంచి 1944 డిసెంబర్ దాకా ఉంది. నాలుగున్నరేళ్ల కథ తొమ్మిదేళ్లు నడిచింది. అయినా ఎపిసోడ్లు 80 మాత్రమే. సాగదీత తక్కువ. పాత్రల్లో చాలామంది ముసలివాళ్లే కావడం మరో సౌకర్యం. డెబ్బై ఏళ్ల జోన్స్‌గా వేసిన క్లైవ్ డన్‌కు సీరియల్ మొదలైనప్పుడు 48 ఏళ్లే. వేసుకున్న ముసలితనానికి తొమ్మిదేళ్లు గడిచినా తేడా రాదు. ‘మాష్’కు ఈ రెండు వెసులుబాట్లూ లేవు. ఎపిసోడ్లు 256. పాత్రలు యువకులు. పైగా కథ ముందుకు కదలాలి, మనుషులు మారాలి అని పట్టుబట్టింది. ఆ పట్టుదల వల్లే సీరియల్ గొప్పదైంది, తప్పులు బయటపడిందీ ఆ పట్టుదల వల్లే.

## రెండు చోట్ల తీసిన ఒకే శిబిరం

కెమెరా ముందు జరిగే తప్పులకు కారణాలు వేరు. ‘మాష్’ శిబిరం నిజానికి రెండు. ఒకటి లాస్ ఏంజెలెస్ పక్కన మాలిబు కొండల్లో ఫాక్స్ కంపెనీ వాడుకున్న స్థలంలో ఉంది. ఇప్పుడు అది మాలిబు క్రీక్ స్టేట్ పార్కులో భాగం. రెండోది స్టూడియోలోని తొమ్మిదో నంబరు ఫ్లోర్‌లో, వెనక రంగులు వేసిన కొండల తెరతో. పగటి వెలుతురు బాగా ఉండే నెలల్లో కొండల దగ్గర తీసేవారు. మిగతాదంతా లోపలే. అందుకే ఒకే ఎపిసోడ్లో ఒక పాత్ర నిజమైన ఎండలో నడుస్తూ వచ్చి, తర్వాతి షాట్‌లో నీడలు నాలుగు దిక్కులా పడే లైట్ల కింద నిలబడుతుంది. వెనక కొండ ఆకారం కూడా మారిపోతుంది.

కొరియాలో చలి ఎముకలు కొరుకుతుంది. కాలిఫోర్నియాలో షూటింగ్ సమయానికి ఎండ మండిపోతుంది. చలికాలపు కథకు నటులు బరువైన కోట్లు వేసుకుని ఆ ఎండలో వణుకుతున్నట్టు నటించేవారు. నోట్లోంచి ఆవిరి రాదు, నుదుటి మీద చెమట మాత్రం మెరుస్తుంది.

ఒక్క కెమెరాతో తీయడం మరో కారణం. ఒకే సన్నివేశాన్ని ముందు దూరం నుంచి, తర్వాత ఒక్కో ముఖం దగ్గరికి వెళ్లి మళ్లీ మళ్లీ తీస్తారు. ప్రతిసారీ గ్లాసులో మందు అంతే ఉండాలి, ముఖానికి కట్టిన మాస్కు అక్కడే ఉండాలి, గౌను మీద రక్తపు మరక అదే ఆకారంలో ఉండాలి. కంటిన్యుటీ చూసుకునే మనిషి ఫొటోలు, నోట్సు సాయంతో వీటన్నిటినీ సరిచూస్తుంటారు. అయినా ఎడిటింగ్ బల్ల దగ్గర అసలు ప్రశ్న ఒక్కటే: నటన బాగున్న టేక్ కావాలా, గ్లాసు సరిగ్గా ఉన్న టేక్ కావాలా? అనుభవం ఉన్న ఎడిటర్ నటననే ఎంచుకుంటాడు. మరుసటి షాట్‌లో గ్లాసు నిండిపోయి కనిపిస్తే అది చాలాసార్లు తెలిసి వదిలేసిందే.

కొన్నిసార్లు ప్రమాదం కూడా కథలో కలిసిపోయింది. 1982 అక్టోబర్లో కార్చిచ్చు మాలిబు సెట్‌ను చాలావరకు కాల్చేసింది. అప్పుడు ముగింపు ఎపిసోడ్ పని జరుగుతోంది. సెట్‌ను మళ్లీ కట్టే బదులు, బాంబుల వల్ల పుట్టిన మంటలు శిబిరాన్ని చుట్టుముట్టినట్టు కథ మార్చారు. బయటి ప్రపంచంలో జరిగిన నష్టాన్ని ప్రేక్షకుడు కథలో భాగంగానే చూశాడు. ఆ ఎపిసోడ్‌ను అమెరికాలో సుమారు 10.6 కోట్ల మంది చూశారు.

## జుట్టు, మీసాలు, కామిక్ పుస్తకం

కాలానికి సరిపడని వస్తువుల్లో బాగా పేరుపడింది రాడార్ దగ్గర కనిపించే ‘అవెంజర్స్’ కామిక్ పుస్తకం. ఆ కామిక్ మొదలైందే 1963లో, అంటే యుద్ధం ఆగిపోయిన పదేళ్లకు. సామాన్లు సమకూర్చేవాళ్లు స్టూడియో గోదాములో చేతికందిన పుస్తకం పెట్టేస్తే ఇలాంటివి జరుగుతాయి. ఆనాటి చిన్న టీవీ తెర మీద దాని అట్ట ఎవరికీ కనిపించదన్న ధైర్యం కూడా తోడైంది. ఇప్పుడు శుభ్రం చేసిన ప్రింటును పెద్ద తెర మీద ఆపి చూస్తే బొమ్మతో సహా కనిపిస్తుంది.

జుట్టు సంగతి వేరు. డాక్టర్ల చెవుల మీదికి దిగిన జుట్టు, హెడ్ నర్సు మార్గరెట్ హెయిర్ స్టయిల్, బీజే మీసం అన్నీ 1970లవి. 1950ల సైన్యంలో అలాంటి తలకట్టును ఏ సార్జెంటూ ఒప్పుకోడు. ఈ విషయం అక్కడ పనిచేసేవాళ్లకు తెలియక కాదు. సీరియల్ మొదలైనప్పుడు వియత్నాం యుద్ధం ఇంకా నడుస్తోంది. సియోల్ పేరు చెప్పి సైగాన్ గురించి మాట్లాడుతున్నారని ప్రేక్షకులకు తెలుసు. తెర మీది మనుషులు ఆనాటి మనుషుల్లా కనిపించడం ఆ మాటకు సాయపడింది. ఉద్దేశపూర్వకంగా చేసినా, అలవాటుగా వదిలేసినా, ఫలితం మాత్రం అదే.

## జాగ్రత్త ఎక్కడ చూపించారు

ఇంత వదులుగా ఉన్న సీరియల్ కొన్నిచోట్ల మాత్రం ఆశ్చర్యం కలిగించేంత గట్టిగా ఉంటుంది. 1979లో వచ్చిన ఒక ఎపిసోడ్లో తెర మూలన గడియారం కనిపిస్తూ ఉంటుంది. రక్తనాళం తెగిన సైనికుడికి ఇరవై నిమిషాల్లోపు మరో నాళం అతికించాలి. లేకపోతే అతని కాళ్లు చచ్చుబడిపోతాయి. కథా సమయం, ప్రేక్షకుడి సమయం నిమిషం తేడా లేకుండా కలిసి నడుస్తాయి. ఏళ్ల లెక్కను పట్టించుకోనివాళ్లు సెకన్ల లెక్క తప్పలేదు.

ఆపరేషన్ సన్నివేశాల కోసం డాక్టర్ వాల్టర్ డిషెల్ సలహాదారుగా ఉన్నారు. గెల్‌బార్ట్, రెనాల్డ్స్ కొరియా వెళ్లి వచ్చారు. యుద్ధంలో పనిచేసిన డాక్టర్లు, నర్సులతో మాట్లాడి వాళ్ల అనుభవాలను కథలుగా మలిచారు. పాటర్ తేదీని తుడిచేసిన ఆ 1980 ఎపిసోడ్లోనే, కేటలాగ్ చూసి తెప్పించిన సామాన్లతో డాక్టర్లు కృత్రిమ కిడ్నీ యంత్రం తయారుచేస్తారు. యుద్ధంలో కిడ్నీ దెబ్బతిన్న సైనికుల సమస్య నిజమైనదే. చానల్ పట్టుబట్టి చేర్పించిన నవ్వుల శబ్దాన్ని కూడా ఆపరేషన్ గదిలోకి రానివ్వలేదు. శరీరం, గాయం, వైద్యం విషయంలో నిజాయితీగా ఉండాలని, మిగతావి కథ అవసరాన్ని బట్టి మారినా పర్వాలేదని వాళ్లు నిర్ణయించుకున్నట్టు కనిపిస్తుంది. వినోద కార్యక్రమానికి అది మెచ్చుకోదగ్గ ఎంపికే.

## లెక్కలోకి రాని తప్పు

ఆ జాగ్రత్త కొరియన్ల దగ్గరికి వచ్చేసరికి సన్నగిల్లింది. శిబిరంలో పనిచేసే హో-జాన్‌గా వేసిన ప్యాట్రిక్ అడియార్టే ఫిలిప్పీన్స్ మూలాలున్న నటుడు. దక్షిణ కొరియా సైనికాధికారి సామ్ పాక్‌గా జపనీస్ అమెరికన్ ప్యాట్ మొరీటా కనిపించారు. జపాన్లో పుట్టిన మాకో పలుమార్లు వచ్చారు. చివర్లో శిబిరంలోని సైనికుడు క్లింగర్ పెళ్లాడే సూన్-లీ పాత్ర చైనీస్ అమెరికన్ రోజలిండ్ చావోది. కొరియాలో పుట్టిన సూన్-టెక్ ఓ లాంటి నటులు కొన్ని ఎపిసోడ్లలో కనిపించినా, పదకొండేళ్లలో అలాంటివాళ్లు తక్కువే. వీళ్లంతా మంచి నటులు. ఆ రోజుల్లో హాలీవుడ్ ఆసియా మొహాలన్నిటినీ ఒకే గాటన కట్టేది. వాళ్లకు దొరికిన అవకాశాలే కొద్ది. తప్పు వాళ్లది కాదు.

పాత్రల విషయంలోనూ ఇంతే. అమెరికన్ పాత్రల భార్యల పేర్లు తారుమారైతే జనం గుర్తించారు. ఊళ్లు కాలిపోయి శిబిరం గేటు దగ్గరికి వచ్చే రైతులకు, పిల్లలకు చాలాసార్లు పేరే లేదు. పేరు లేని మనిషికి కంటిన్యుటీ తప్పు జరగదు. వచ్చిన ఎపిసోడ్లోనే ఆ మనిషి కథ ముగిసిపోతుంది. యుద్ధంలో చనిపోయిన సామాన్య కొరియన్ల సంఖ్య లక్షల్లో ఉంది. వాళ్ల దేశంలో జరిగిన కథలో వాళ్లు అతిథుల్లా మిగిలిపోయారు.

ఆ యుద్ధంలో వైద్యం కూడా అమెరికన్లది మాత్రమే కాదు. భారత సైన్యం పంపిన 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్ 1950 నవంబర్లో కొరియా చేరింది. దాని అధిపతి లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్. ప్యాంగ్యాంగ్ నుంచి వెనక్కి తగ్గుతున్న సైన్యంతో కలిసి తన సామగ్రిని కాపాడుకుంటూ ఆ దళం దక్షిణానికి వచ్చింది. 1951 మార్చిలో మున్సాన్ దగ్గర అమెరికన్ పారాట్రూపర్లతో పాటు అందులోని వైద్యులు, సిబ్బంది కూడా విమానాల నుంచి దూకారు. వాళ్లు చికిత్స చేసినవాళ్లలో సైనికులతో పాటు సామాన్య ప్రజలు కూడా ఉన్నారు. 1950 చలికాలంలో ఒక యుద్ధ ఆసుపత్రి ఎలా కదిలిందో తెలుసుకోవాలంటే ఈ దళం నడిచిన దారి చూడాలి. ఆ డిసెంబర్ 31 రాత్రి 4077వ శిబిరంలో జరిగిన పండగకూ, ఆ చలికాలంలో నిజంగా జరిగినదానికీ మధ్య ఉన్న దూరం, పాటర్ తేదీల్లోని ఏడాదిన్నర పైచిలుకు తేడా కంటే చాలా ఎక్కువ.